ఆటలోకి వెళ్ళిన నాదస్వరం

తిరుపతిలో మా ఇంటి ముందు గదిలో ఇరవై ఆరేళ్ళుగా వయొలిన్ నేర్పుతున్నాను. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది గీతాల దాకా వచ్చి, పదో తరగతి పరీక్షలంటూ మానేస్తారు. కొందరు వర్ణాలు మొదలుపెడతారు. ఏడో ఏట వచ్చి పద్దెనిమిదో ఏటి దాకా నిలిచింది మాత్రం ఒక్కతే. మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవాళ్ళ అమ్మాయి. ఆ పిల్ల కమాను పట్టుకుంటే గదిలో మిగతావాళ్ళు తమ కమానులు దించేసి వినేవాళ్ళు. నేను వేదికల మీద పెద్దగా వాయించలేదు. పెళ్ళి, పిల్లలు, పాఠాలు, వాటితోనే సరిపోయింది. ఈ పిల్లయినా కచేరీలు చేస్తుందని నాలో నేను అనుకుంటూ ఉండేదాన్ని. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు కానీ ఆమెకు తెలుసు.

ఇంజనీరింగు చదవడానికి బెంగళూరు వెళ్ళింది. రెండో ఏడాది సెలవుల్లో వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది.

"మేడం, నేను వీడియో గేములకి మ్యూజిక్ చేసే పనిలోకి పోదామనుకుంటా ఉండా. కచేరీలకి సాధన చేసేదానికి కుదరదు."

నేను కాఫీ గ్లాసు ఆమె చేతికి ఇవ్వబోతున్నదాన్ని. కింద పెట్టేశాను. "బొమ్మలు ఎగిరేటప్పుడు ఎనకాల మోగే గోలకా నీకు పదకొండేళ్ళు నేర్పింది?" అన్నాను.

ఆమె కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఏడేళ్ళు పండుగలకు ఫోనులో ఒక మెసేజి, దానికి నా జవాబు ఒకటి. అంతకు మించి మాటల్లేవు. అన్న మాట తప్పని నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఫోను చేసి చెప్పడానికే ధైర్యం చాలలేదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఉదయం, చిన్నపిల్లలకు సరళీ స్వరాలు చెబుతుండగా గుమ్మంలో నిలబడింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కళ్ళజోడు వచ్చింది. పిల్లలు వెళ్ళేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. వాళ్ళతో పాటు గొంతులో గొంతు కలిపి స్వరాలు కూడా పాడింది. ఈసారి కాఫీ ఇచ్చాను. తాగింది. అప్పుడు అడిగింది.

"మేడం, తాత బాగుండారా?"

తాత అంటే మా నాయన. నాదస్వరం విద్వాంసుడు. చంద్రగిరిలో మా తమ్ముడి ఇంట్లో ఉంటాడు. చిన్నప్పుడు ఈ పిల్లను రెండు మూడుసార్లు అక్కడికి తీసుకువెళ్ళాను.

"బాగుండాడు. వాయించడమే లేదు. రెండేళ్ళయింది, పళ్ళన్నీ తీసేసినారు. కట్టుడు పళ్ళతో నోట్లో సన్నాయి పీక నిలవడం లేదంట. సన్నాయిని సంచిలో చుట్టి బీరువా మీద పెట్టేసినాడు."

ఆమె ముఖం చిన్నబోయింది. తను వచ్చిన పని చెప్పింది. వాళ్ళ కంపెనీలో కొత్త వీడియో ఆట ఒకటి చేస్తున్నారు. కరువు పట్టిన ఊరి అమ్మాయి ఒకతె, నీళ్ళు తెచ్చే కాలువ ఎక్కడ తెగిపోయిందో వెతుక్కుంటూ కొండలెక్కి పోతుంది. దారిలో ఊళ్ళొస్తాయి. అక్కడ పోట్లాటలు ఉండవు, ఆడేవాళ్ళు కాసేపు తిరిగి అలసట తీర్చుకుంటారు. ఆ ఊళ్ళలో నాదస్వరం వినిపించాలని ఆమె కోరిక.

"కంప్యూటర్లోనే అన్ని వాయిద్యాలూ ఉంటాయంట గదా?" అన్నాను.

"ఉంటాయి మేడం. నొక్కితే పలకతాయి. ఆనందభైరవిలో గాంధారం మాత్రం పలకదు. యాడ నొక్కినా దాని పక్కకే పోతా ఉండాది. మీరు నాకు మూడు నెలలు చెప్పినారే, ఆ గాంధారం."

నిజంగానే మూడు నెలలు చెప్పాను. పన్నెండేళ్ళ పిల్ల చేత ఒక్క స్వరం ఊగించడానికి వేసవి అంతా పట్టింది, రెండుసార్లు ఏడిపించాను కూడా. ఆ స్వరాన్ని ఆమె వదిలేయలేదు. పట్టుకునే తిరుగుతోందని నాకు అప్పుడు తెలిసింది. వచ్చే ఆదివారం చంద్రగిరి పోదామన్నాను.

నాయనకు డెబ్బై ఏడు. మేము వెళ్ళేసరికి వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. పిల్లను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె వెంటనే విషయం చెప్పకుండా, సంచిలోంచి పెద్ద ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చెవులకు పెట్టింది.

"తాతా, మూడు వినిపిస్తా. ఎట్లుండాయో చెప్పు."

మొదటిది ఒక పాప్ పాట. ఆ రోజుల్లో పిల్లలందరి ఫోన్లలోనూ అదే. మా విద్యార్థులు కూడా నా వెనకాల దాన్ని వాయిస్తూ దొరికిపోయారు. నాయన మోకాలి మీద తాళం వేస్తూ విన్నాడు. చెవులు మూసి ఉన్నందువల్ల గట్టిగా మాట్లాడాడు.

"మంచి పనోడే చేసినాడు. మొదటి మాటకే మనిషిని పట్టేసినాడు సూడు. ఆ ముక్కకాడికే తిరిగి తిరిగి వస్తా ఉండాడు."

"అది కూడా సంగీతమేనా నాయనా?" అన్నాను పాట ఆగాక.

"ఎందుక్కాదు? దారిన పోయేటోళ్ళకి చెప్పే మాట అది. వాళ్ళు దాటిపోయే లోపల చెప్పేయల్ల. కచేరీకి వచ్చినోడు కూర్చునేదానికే వచ్చినాడు, యాడికీ పోడు. వానికి మెల్లిగా చెప్పుకోవచ్చు."

రెండోది కచేరీ రికార్డింగు, వయొలిన్ మీద రాగం. కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక తల ఊపాడు. మూడోది వేరే దేశం వాళ్ళు ఎవరో చేసిన ఆటలోని సంగీతం. కొన్ని స్వరాలే, మెత్తగా, మోహన రాగానికి దగ్గరగా ఉండే ఒక వరస. దాన్ని అన్నిటికన్నా ఎక్కువసేపు విన్నాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. అప్పుడు ఒక చెవి మీద నుంచి ఇయర్‌ఫోను జరిపి అడిగాడు.

"పాపా, ఇది అయిపోదా?"

"అయిపోదు తాతా. ఆడేవాళ్ళు ఆ చోటు నుంచి కదిలేదాకా వస్తానే ఉంటాది."

"వాళ్ళు ఎప్పుడు కదలతారో ఈ వాయించేటోడికి తెలుసా?"

"తెలీదు. ఒకరు అర నిమిషానికే పోతారు. ఒకరు గంటసేపు ఆడనే తిరగతా ఉంటారు."

"నడమ పులి వచ్చిందనుకో?"

"అప్పుడు ఏ స్వరం మీద ఉన్నా సరే, టక్కున మారిపోవల్ల. మారినట్టు తెలీకూడదు."

నాయన ఇయర్‌ఫోన్లు తీసేసి నా వైపు చూసి నవ్వాడు. "అమ్మణ్ణీ, ఇది మన పనే కదా," అన్నాడు.

ఆ మాటకు నాకు పలమనేరులో జరిగిన ఒక పెళ్ళి గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు పదేళ్ళు. శృతిపెట్టె పట్టుకునే మనిషికి జ్వరం వస్తే నాయన నన్ను వెంట తీసుకెళ్ళాడు. మగపెళ్ళివారి బస్సు ఘాట్ రోడ్డులో ఆగిపోయింది. వాళ్ళు వచ్చేదాకా మేళం ఆపకూడదు. నాయన రెండున్నర గంటలు వాయించాడు. ఒక రాగం ముగిసేటట్టు ఉండేది, మళ్ళీ ఏ సందులోంచో కొత్తగా మొదలయ్యేది. చలి, మంచు. జనం దుప్పట్లు కప్పుకుని మాట్లాడుకుంటున్నారు, కాఫీ తాగుతున్నారు, పిల్లల్ని కోప్పడుతున్నారు. ఒక్కరు కూడా మా వైపు చూడలేదు. నాకు సిగ్గేసింది. తిరుగు ప్రయాణంలో, "నేను ఎవురూ మాట్లాడని చోట వాయిస్తా నాయనా," అన్నాను. ఆయన "సరే" అన్నాడు. మా ఇళ్ళలో ఆడపిల్లల చేతికి సన్నాయి ఇచ్చేవాళ్ళు కాదు. మరుసటి నెల నన్ను వయొలిన్‌లో చేర్పించాడు.

ఆ పెళ్ళిలోనే, తాళి కట్టే వేళకు పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అన్నప్పుడు నాయన ఒక సన్నటి జారుడు మధ్యలో ఉన్నాడు. దాన్ని అలాగే తిప్పి పైకి లేపాడు, డోలు వచ్చి పడింది. నడుమ వెంట్రుకవాసి ఖాళీ కూడా లేదు. చిన్నప్పటి నుంచి ఎన్నో పెళ్ళిళ్ళలో చూశాను. ఎప్పుడూ జరిగేదే కాబట్టి అందులో విద్య ఉందని నాకు తోచలేదు. నేను విద్య అనుకున్నదంతా, జనం నిశ్శబ్దంగా కూర్చుని వినేదాంట్లోనే ఉంది.

"తాతా, వాయిస్తావా మరి?" అంది ఆమె.

నాయన నాలుకతో కట్టుడు పళ్ళను ఒకసారి కదిపి చూసుకున్నాడు. "ఒక నెల టైమియ్యి," అన్నాడు.

ఆ నెల ఆయన చేసిన పని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఊదగానే పైవరస పళ్ళు జారుతున్నాయి. తిరుపతిలో పళ్ళ డాక్టరు దగ్గరికి నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు, సంచిలో నాదస్వరంతో సహా. డాక్టరు కుర్రది, ఓపిక గలది. "మామూలుగా తినేదానికి బాగుండాయా తాతా?" అని అడిగింది. "తినేదానికి బాగుండాయమ్మా. నాకు తినేదానికి కాదు కావల్సింది," అని నాయన సంచి విప్పాడు. ఆ కుర్చీలోనే కూర్చుని ఊదాడు. బయట కూర్చున్న రోగులంతా తలుపు దగ్గరికి వచ్చేశారు. దవడకు చెయ్యి పెట్టుకున్న ఒకాయన ఆ చెయ్యి అలాగే ఉంచి తల ఊపుతున్నాడు. ఏ స్వరం దగ్గర ఏ పక్క జారుతోందో డాక్టరమ్మ వేలు పెట్టి చూసి, అరగదీసి, మళ్ళీ ఊదమని, మళ్ళీ అరగదీసింది. నాలుగుసార్లు వెళ్ళాం. నాలుగోసారి పై షడ్జమం నిలిచింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

రికార్డింగు చంద్రగిరిలో తమ్ముడి ఇంట్లోనే, మధ్యాహ్నం పూట. నడిగదిలో ఫ్యాను ఆపేసి, కిటికీలకు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కట్టారు. మరదలు కుక్కరు పెట్టడం మానుకుంది. అయినా ఒకసారి బస్సు హారను, ఇంకోసారి పూలమ్మే ఆమె కేక. ఆ పిల్ల విసుక్కోకుండా చెయ్యెత్తి ఆపేది, శబ్దం పోయాక మళ్ళీ మొదలుపెట్టించేది. డోలు మా తమ్ముడే వాయించాడు. గుళ్ళోనూ పెళ్ళిళ్ళలోనూ వాడి చేయి బాగా అలవాటు పడ్డదే. ఆ పిల్ల నన్ను కూడా వయొలిన్ తెచ్చుకోమంది. ఏమి వాయించాలని అడిగితే, "షడ్జమం, పంచమం, అంతే మేడం. తాత వెనకాల పట్టుకొని ఉండండి," అంది.

ఇరవై ఆరేళ్ళు నేర్పినదాన్ని, నా శిష్యురాలు నన్ను రెండు స్వరాలు పట్టుకొని ఉండమంటోంది. మొదట కొంచెం గుచ్చుకుంది. కమాను తీయడం మొదలుపెట్టాక ఆ గుచ్చుకోవడం ఎటు పోయిందో తెలియదు. నాయన వెనకాల శృతి పట్టడం నాకు పదేళ్ళ వయసులో వచ్చిన పని.

ఆయనకు పాత ఊపిరి లేదు. ఒకప్పుడు ఆయన సన్నాయి మూడు వీధుల దాకా వినిపించేది. ఇప్పుడు నడిగదికి సరిపోయేంత వస్తోంది. మొదటిసారి వాయించి ఆపాక, "గాలి సాలలేదమ్మా, పలుచగా వస్తా ఉండాది," అన్నాడు.

ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి జరిపి, "తాతా, ఇట్లనే కావల్ల. గట్టిగా ఊదితే ఊళ్ళోకి ఊరేగింపు వచ్చినట్టుంటాది. ఇది ఎవురో ఇంట్లో సాధన చేసుకుంటా ఉన్నట్టుండాది," అంది. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు.

నాకు ఒక దగ్గర నోరు ఊరుకోలేదు. ఆనందభైరవి అంటే ఎంత రాగం. నిమిషంన్నరలో నాలుగు వరసలు తిప్పి వదిలేస్తే ఎలా అనిపించింది. "నాయనా, ఆ మూడో వరస కాడ రెండు సంగతులు వేయి, రాగం ముఖం కనపడతాది," అన్నాను.

"ఆటలో పిల్ల కొండెక్కి వచ్చినాదంట. కూర్చోనీ దాన్ని. సంగతులేస్తే మళ్ళా తలకాయెత్తి మన దిక్కే సూడల్ల గదా. అలసట యాడ తీరతాది?" అన్నాడు.

నేను మళ్ళీ కమాను ఎత్తాను. చివరి స్వరం మొదటి స్వరంలోకి కలిసిపోవాలి. అప్పుడే కంప్యూటరు ఎన్నిసార్లు తిప్పినా అతుకు తెలియదు. చరణం అయ్యాక పల్లవి ఎత్తుకోవడం లాంటిదే కాబట్టి నాయనకు అది కొత్త కాదు. నాలుగోసారికి కుదిరింది. తర్వాత, ఊరు దాటగానే ప్రమాదం వచ్చే ఘట్టం. ఆ పిల్ల ముందుగా ఏమీ చెప్పకుండా, తనకు తోచిన చోట చెయ్యెత్తుతుంది. ఎత్తగానే మారిపోవాలి. ఏడుసార్లు ఏడు చోట్ల ఎత్తింది. ఒకసారి ఊపిరి తీసుకునే సందులో, ఒకసారి సరిగ్గా గాంధారం ఊగుతుండగా. నాయన ఆమె చేతి వైపు పంతులుగారి చేతి వైపు చూసినట్టే చూస్తున్నాడు. ఏడుసార్లూ తమ్ముడి డోలు, నాయన సన్నాయి ఒక్కటిగా లేచాయి. చివరిది అయ్యాక ఆయన రొప్పుతూ గోడకు ఆనుకున్నాడు. మరదలు మజ్జిగ ఇచ్చింది. పళ్ళు తీసి పక్కన పెట్టి, తృప్తిగా తాగాడు.

ఆట బయటికి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. వచ్చాక ఆ పిల్ల తనే చంద్రగిరి తెచ్చి మా తమ్ముడి టీవీకి తగిలించింది. నా చేతే ఆడించాలని పట్టుబట్టింది. నా వేళ్ళకు తీగలు తెలుసు కానీ ఆ బొత్తాలు తెలియవు. మూడుసార్లు కాలువలో పడ్డాను, ఒకసారి రాయి కింద ఇరుక్కున్నాను. ప్రతిసారీ తమ్ముడు పకపకా నవ్వాడు. చివరికి కొండ దిగి ఊళ్ళోకి అడుగు పెట్టాను.

నాదస్వరం మొదలైంది. నేను బొత్తాల మీద నుంచి చేతులు తీసేశాను. తెర మీద ఆ అమ్మాయి ఒక అరుగు పక్కన నిలబడిపోయింది. నాయన వాయించిన నిమిషంన్నర మళ్ళీ మళ్ళీ వస్తోంది, నా రెండు స్వరాలు దాని కింద ఉన్నాయి. తెర మీద ఒకామె వాకిలి ఊడుస్తోంది. ఒక ముసలాయన బుట్ట అల్లుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు దించి మాట్లాడుకుంటున్నారు. ఒక్కరు కూడా సంగీతం వైపు తల తిప్పడం లేదు.

నాయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు. "ఎవురి పని వాళ్ళు చేసుకుంటా ఉండారు," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "సరిగ్గా పెట్టినావు పాపా," అన్నాడు.

ఆయన యాభై ఏళ్ళు వాయించింది అలాంటి చోట్లనే. ఎవరూ వినడం లేదని బాధపడ్డది నేను, ఆయన కాదు. వంట చేసుకునేవాళ్ళకూ, ముడుపులు కట్టేవాళ్ళకూ, పెళ్ళికూతురు జడకు పూలు చుట్టేవాళ్ళకూ తోడుగా ఉండడమే తన పని అని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఆ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు మేము ఊళ్ళోనే అరగంట నిలబడ్డాం. ఆట ముందుకు సాగలేదు.

తిరుగు ప్రయాణంలో కారులో నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. ఎనిమిదేళ్ళ క్రితం అన్న మాటను అలాగే తిరిగి చెప్పి, అది తప్పు అన్నాను. ఆమె స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా, "మీరు అట్ల అన్నందుకే ఇంకొంచెం బాగా చేయల్లని పట్టుదల వచ్చినాది మేడం," అంది. నాకు సంతోషం కలిగింది, అలా కలగడం న్యాయం కాదని కూడా తెలుసు.

ఇంతా అయ్యాక అన్ని సంగీతాలూ ఒకటేనని నేను అనను. పాప్ పాట నన్ను పట్టుకుంటుంది, కానీ పది రోజుల తర్వాత వదిలేస్తుంది. ఆట సంగీతం నేను నిలబడితే నిలబడుతుంది, కదిలితే కదులుతుంది. నా వెంటే ఉంటుంది. కచేరీ అలా కాదు, దాని వెంట నేను వెళ్ళాలి. ఒక రాగం అరగంట సేపు తలుపు తీయకుండా నన్ను బయట నిలబెట్టి, చివరికి లోపలికి పిలిచినప్పుడు కలిగే సంతోషం నాకు మరో చోట దొరకలేదు. ఇప్పటికీ పిల్లలకు గమకాలు ముందులాగే చెబుతున్నాను. శనివారాలు మాత్రం ఎవరికి నచ్చిన పాట వాళ్ళు తెచ్చి, దాని స్వరాలు చెవితో విని పట్టుకోవాలి. మొన్న ఒక పిల్ల తెచ్చిన పాప్ పాట స్వరాలు పట్టడానికి నాకే చాలాసేపు పట్టింది. పిల్లలకు అది భలే నచ్చింది.

ఈ మధ్య ఆ బెంగళూరు అమ్మాయి సెలవు పెట్టి వస్తే ఇద్దరం కలిసి తిరుపతిలో ఒక గాత్ర కచేరీకి వెళ్ళాం. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాం. బయటికొచ్చి బండి దగ్గర దోసెలు తింటుండగా, మృదంగం వాళ్ళు తని ఆవర్తనం మరీ సాగదీశారని ఆమె అంది. నేను ఇంకో పది నిమిషాలు ఉండాల్సిందన్నాను. ఆటో ఎక్కేదాకా వాదించుకున్నాం. తేలలేదు. వాదన నడుమనే ఆమె ఇంకో దోసె కూడా కట్టించుకుంది.